డాక్టర్ సలహా: బిడ్డను అడ్మిట్ చేయాలన్నారు, వార్డు మాత్రం లేదన్నారు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా అమ్మాయికి పదహారేళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నది. దసరా సెలవులకు వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడదు, సరిగా తినదు, రాత్రుళ్లు నిద్రపోదు. మొన్న ‘నేను లేకుంటే మీకు నిమ్మళం’ అన్నది. మా అత్తమ్మ గాలి సోకిందని దర్గాకు తీసుకుపోయింది, ఏమీ తగ్గలేదు. టౌన్‌లో ఒక ఆసుపత్రిలో చూపిస్తే వెంటనే అడ్మిట్ చేయాలన్నారు, కానీ ఆ వయసు పిల్లలకు తమ దగ్గర వార్డు లేదని హైదరాబాద్ పొమ్మన్నారు. ఎర్రగడ్డకు పోతే రేపు సంబంధాలు వస్తాయా అని మా ఆయన ఒప్పుకుంటలేడు. సంక్రాంతి లోపల మిగతా ఫీజు కట్టమని కాలేజీ వాళ్లు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, వార్డు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ రాత్రికి చేయవలసిన పనులు చూడండి. మీ అమ్మాయిని ఒంటరిగా వదలకండి, మీరు ఆమె గదిలోనే పడుకోండి. పొలానికి తెచ్చిన పురుగుమందులు, ఇంట్లో మిగిలిన మాత్రలు ఏవి ఉన్నా తాళం వేయడంతో సరిపెట్టక, కొద్ది రోజులు వేరే వాళ్ల ఇంటికి పంపించండి. ‘చనిపోవాలని అనిపిస్తున్నదా బిడ్డా?’ అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు గాని, మా అనుభవంలో జరిగేది అందుకు విరుద్ధం. అడిగేవాళ్లు దొరికినందుకు పిల్లలకు గుండె బరువు కొంత దిగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416 కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ప్రమాదం దగ్గరపడిందని అనిపిస్తే 108 కు ఫోన్ చేసి దగ్గరలోని ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకైనా వెళ్లండి. అక్కడ మానసిక వైద్యుడు ఉన్నాడా లేడా అని ఆ సమయంలో వెతుక్కోవద్దు.

ఇక మీకు అడ్మిషన్ చెప్పిన డాక్టర్ సరిగానే చెప్పారు. మనసు బాగాలేని పిల్లలందరికీ పడక అవసరం లేదు. చాలామందికి ఓపీలో చూపించుకుని, మాట్లాడి, అవసరమైతే మందులు వాడితే సరిపోతుంది. కానీ చావు మాట నోటి నుంచి వచ్చినప్పుడు, తిండీ నిద్రా వారాల తరబడి తప్పినప్పుడు, లేని మాటలు వినపడుతున్నప్పుడు, లేదా జబ్బు ఏమిటో దగ్గరుండి గమనిస్తే తప్ప తేలనప్పుడు కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉంచడమే క్షేమం. సాధారణంగా ఇది రెండు మూడు వారాల వ్యవహారం. మొదటి రోజుల్లో రక్తం, థైరాయిడ్ వంటి పరీక్షలు చేస్తారు, ఎందుకంటే ఒంట్లోని జబ్బు కూడా కొన్నిసార్లు మనోవేదన రూపంలో బయటపడుతుంది. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వయసు పిల్లల్లో కొద్దిమందికి మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో చనిపోవాలనే ఆలోచన పెరిగే అవకాశం ఉన్నందున, ఆ రోజులు నర్సుల కళ్ల ముందు గడవడం మంచిది. ఆమెతో విడిగానూ, మీ దంపతులతో కలిపీ మాట్లాడటం కూడా వైద్యంలో భాగమే. హాస్టల్‌లో ఏం జరిగిందో ఆమె మీకు చెప్పకపోవచ్చు, అక్కడ చెప్పవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘ఆ వయసు పిల్లలకు వార్డు లేదు’ అన్నది. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి ఈ మాట మోసుకొచ్చే తల్లిదండ్రులను నేను తరచుగా చూస్తుంటాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 లో వచ్చింది. మైనర్లను పెద్దలతో కలిపి ఉంచకూడదని, వారి వయసుకు తగిన చోట, ఇతర జబ్బులతో చేరిన పిల్లలకు ఇచ్చే వసతికి తీసిపోని వసతిలో ఉంచాలని దాని 87వ సెక్షన్ చెబుతుంది. ఎంత మంచి నియమమో చూడండి! అయితే పెద్దల వార్డు తప్ప వేరేది లేని ఆసుపత్రి ఆ నియమాన్నే చూపి పిల్లను తిప్పి పంపుతుంది. పిల్లల వార్డుకు పోతే చాలాచోట్ల అది పన్నెండేళ్లకే ఆగిపోతుంది. పదమూడు నుంచి పదిహేడు దాకా ఉన్నవాళ్లు ఈ రెండు తలుపుల మధ్య నిలబడిపోతారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఆ వయసు వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేల్చింది, అంటే వంద మంది ఉన్న ఇంటర్ క్లాసులో ఏడుగురు. అందరికీ పడక అక్కరలేదు, కానీ అక్కర పడిన ఒక్కరికైనా వంద కిలోమీటర్ల లోపల దొరకాలి కదా.

దీనికి కొత్తగా పెద్ద భవనాలు కట్టనవసరం లేదని నా అభిప్రాయం. మహబూబ్‌నగర్‌లో 2016 లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒక్కొక్క బోధనాసుపత్రిలో పిల్లల వార్డును ఆనుకుని నాలుగైదు పడకలు, ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు, ఈ పనిలో శిక్షణ పొందిన నర్సులు, కిటికీలకూ ఫ్యాన్లకూ తగిన జాగ్రత్తలు ఉంటే చాలావరకు సరిపోతుంది. పడక కంటే మనిషి దొరకడమే కష్టం, అది నిజమే; అందుకే పిల్లల డాక్టర్లకూ, నర్సులకూ శిక్షణ ఇచ్చి, క్లిష్టమైన కేసుల్లో పెద్ద ఆసుపత్రి నిపుణులతో వీడియోలో మాట్లాడే ఏర్పాటు ముందుగా చేయాలి.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని వైద్యులం సాధారణంగా లెక్కలోకి తీసుకోము. మైనర్ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ తల్లిగాని, తండ్రిగాని, వారు నియమించిన సహాయకులుగాని వెంట ఉండాలని అదే 87వ సెక్షన్ చెబుతుంది. ఆడపిల్ల అయితే తోడుగా ఆడవాళ్లు ఉండి తీరాలి. పిల్లల దృష్టితో చూస్తే ఇది వరమే. కానీ కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో, భర్త ముంబైలోనో పుణెలోనో పనిలో ఉన్న పాలమూరు ఇంట్లో, తల్లి మూడు వారాలు ఆసుపత్రిలో కూర్చుంటే మిగిలిన పిల్లలకు అన్నం వండేది ఎవరు? వెంట ఉన్న మనిషికి భోజనం, పడుకోవడానికి చోటు, పోయిన కూలిలో కొంతైనా ఇవ్వకుండా పడకలు మాత్రమే పెంచితే, వాటిలో చేరేది కారున్న వాళ్ల పిల్లలే.

మీ ఆయన భయం విషయానికి వస్తే, ఎర్రగడ్డ పేరు మన దగ్గర తిట్టుగా మారిపోవడం వల్ల ఎంతమంది పిల్లలకు వైద్యం ఆలస్యమైందో చెప్పలేను. అది ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి. రోజూ ఓపీకి వచ్చి, మందులు తీసుకుని, సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్లే అక్కడ ఎక్కువ. అయినా మీకు మనసొప్పకపోతే దారి అదొక్కటే కాదు. గాంధీ, ఉస్మానియా జనరల్ ఆసుపత్రుల్లోనూ, మన పాత నల్లగొండ జిల్లాలోనే ఉన్న బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. బయలుదేరే ముందు పదహారేళ్ల అమ్మాయిని తల్లితో పాటు చేర్చుకుంటారా, పడక ఖాళీగా ఉందా అని కనుక్కోండి. టెలీమానస్ వాళ్లను అడిగినా ఎక్కడికి పోవాలో సూచిస్తారు. చూపించిన చీటీలన్నీ వెంట తీసుకుపోండి. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది కాబట్టి, మీరు చెబితే తప్ప సంబంధం చూసేవాళ్లకు ఆసుపత్రి చెప్పదు.

చేర్చేటప్పుడు మీకు తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. అడ్మిషన్‌కు దరఖాస్తు చేయవలసింది సంరక్షకులుగా మీరే. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, పడక అవసరమని ఒప్పుకోవాలి, అందులో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు అయి ఉండాలి. ఆసుపత్రి 72 గంటల లోపల మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. మీరు వద్దనుకుంటే డిశ్చార్జి అడగవచ్చు, అయితే డాక్టర్‌తో మాట్లాడకుండా ఆ పని చేయకండి. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే ఇంకొక చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలని అదే 2017 చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఆచరణలో దీనికోసం తిరగవలసి వస్తుంది, కానీ కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టడానికి ఇది గట్టి ఆధారం. ‘వార్డు లేదు’ అన్న మాటను కూడా చీటీ మీద రాయించుకుని ఆ అర్జీకి జతచేయండి. మీ వంటి అర్జీలు పది చేరితే పడకల మాట కదులుతుంది.

అత్తమ్మతో వాదానికి దిగకండి. దర్గాకు పోవడం ఆమె ధైర్యం, పోనివ్వండి. మందు ఆపమనకుండా చూసుకుంటే చాలు. డిశ్చార్జి తర్వాత మొదటి వారాలు జాగ్రత్తగా ఉండవలసిన రోజులు, కాబట్టి ఏడు రోజుల లోపల ఒకసారి తప్పకుండా తిరిగి చూపించాలి, బయటికి పంపించిన పురుగుమందులు, పాత మాత్రలు కూడా అప్పుడే ఇంటికి తెచ్చుకోవద్దు.

ఇక ఫీజు సంగతి. ఇప్పుడు కట్టకండి. అనారోగ్యం వల్ల అమ్మాయి సెలవులో ఉన్నదని ప్రిన్సిపల్‌కు ఒక ఉత్తరం రాసి, అందులో జబ్బు పేరు రాయకుండా డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే సరిపోతుంది. ఆమె కోలుకున్నాక అదే కాలేజీకి పోతుందా, దేవరకొండలోనే ఇంటి నుంచి పోయి చదువుకుంటుందా అన్నది ఆమెనే అడిగి నిర్ణయించండి.