ముందు కూలి డబ్బులు, తర్వాత అవగాహన సదస్సు

అభయారణ్యాల పక్క ఊళ్ళవాళ్ళను కలుపుకుని జంతువులను కాపాడే పని నిజంగా నడుస్తుందా, లేక కాగితాల మీదేనా అని అడిగారు. నడుస్తుంది. కళ్ళారా చూశాను. కాకపోతే నేను చూసింది అడవి పక్కన కాదు, సముద్రం ఒడ్డున. మేముండేది విశాఖలో సాగర్‌నగర్ వైపు. మా ఇంటికి చేపలు తెచ్చే అమ్మ వాళ్ళాయన జనవరి వచ్చిందంటే రాత్రిళ్ళు తాబేళ్ళ కాపలాకు వెళ్తాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం అది. కుక్కలు, నక్కలు తవ్వి తినేయకుండా ఆ గుడ్లు తీసి, కంచె కట్టిన హేచరీలో మళ్ళీ పాతిపెట్టాలి. కార్యక్రమం ఎవరి పేరు మీద నడిచినా, రాత్రంతా ఇసకలో కాళ్ళీడ్చేది పక్క పల్లె జాలరే.

ఓ ఫిబ్రవరి రాత్రి బాబాయ్ వెనకాల మేమూ వెళ్ళాం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది కూడా ఉన్నాడు. ఋషికొండ వైపు కొంత దూరం పోయాక బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నీటి అంచు నుంచి పైకి, ట్రాక్టరు టైరు తొక్కినట్టు జాడ. ఎక్కిన జాడే ఉంది, దిగిన జాడ లేదు. మా మరిది ఆత్రం కొద్దీ ఫోన్ టార్చి వేశాడు. "లైటు ఆపీ బాబూ, ఎనక్కెల్లిపోద్ది" అని బాబాయ్ గొంతు పెంచకుండానే కసిరాడు.

తాబేలు వెనక, దాని కంట పడకుండా ఇసకలో కూర్చున్నాం. వెనక తెడ్లతో గుంట తవ్వుతోంది. ఒక తెడ్డు ఇసకను ఎత్తి పక్కన పెడుతుంది, రెండోది చిమ్ముతుంది. కాసేపటికి గుడ్లు పడటం మొదలైంది. పెంకు మెత్తన, అందుకే ఒకదాని మీద ఒకటి పడ్డా పగలవు. గుంట పూడ్చేసి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసకను దబదబా దిమ్మిస వేసింది. ఆ చప్పుడు కూర్చున్నచోట మా కాళ్ళ కిందకి తెలిసింది. మా మరిది అంతసేపు నోరు మూసుకుని ఉండటం పెళ్ళయ్యాక అదే మొదటిసారని మా తోడికోడలు ఇప్పటికీ అంటుంది.

అది నీళ్ళలోకి దిగాక బాబాయ్ భుజం దాకా చెయ్యి దించి గుడ్లు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ తీసి, ఆ గూటి ఇసకే పరిచిన బకెట్లో పెడుతున్నాడు. మా మరిది ఒకటి చేతిలోకి తీసుకోబోతే, "తిప్పకు బాబూ. ఎలాగున్నది అలాగే ఎట్టాల. తిరగేస్తే లోపల పిల్ల సచ్చిపోద్ది" అన్నాడు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుందని, ఆ తర్వాత తిరగేస్తే బతకదని నేను పుస్తకాల్లో చూసింది ఆ తర్వాతే. హేచరీలో గుంట లోతు టేపుతో కొలవడు. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా, మూర. గుడ్లు నూరు దాటాయి.

ఇలాంటి మనిషిని ఫ్లెక్సీ కట్టిన టెంటు కింద కూర్చోబెట్టి, తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువని గంటసేపు చెప్పారు. శ్రీకూర్మం వెళ్ళి మొక్కి వచ్చే పల్లెకి తాబేలు గురించి పాఠం! అంతా విని బాబాయ్ అడిగింది ఒక్కటే: "పోయిన సీజను కూలి ఎప్పుడిస్తారయ్యా?" వక్తగారు టిఫిన్ పొట్లాల వైపు వెళ్ళిపోయారు. అప్పట్లో ఆ కార్యక్రమాన్ని నడిపించింది ఎవరో పేరు చెప్పను.

రాత్రంతా కాపలా కాసినవాడు తెల్లారి తెప్ప ఎక్కలేడు. కూలి ఆలస్యమైతే ఆ ఇంట్లో రెండు ఆదాయాలూ పోయినట్టే. ఇది మాట్లాడకుండా 'ప్రజల భాగస్వామ్యం' అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వెంటనే ఎవరో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ఉదాహరణ తెస్తారు, అక్కడ పెలికాన్లను ఊరివాళ్ళు జీతం లేకుండానే కాపాడుతున్నారు కదా అని. పక్షులు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కడితే ఇంటి ఆడపిల్లల్లా చూసుకోవడం వేరు, నాలుగు నెలలు నిద్ర మానుకుని నడవడం వేరు.

ఇంకో బాధ, తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమాలు. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లకు ఉన్న శక్తంతా అలలు దాటి లోతుకు ఈదుకుపోవడానికే. ముఖ్య అతిథి కారు దిగే దాకా బేసిన్లలో ఉంచితే ఆ శక్తి అక్కడే కరిగిపోతుంది. పైగా మన బీచ్ రోడ్డు దీపాలు! వెలుతురు ఎటుంటే సముద్రం అటే అనుకునే పిల్లలు రోడ్డు వైపు పాకుతాయి.

అసలు సంగతికొస్తే, పల్లె ఎంత కాపాడినా బోట్లు చంపేస్తున్నాయి. తాబేలు గాలి పీల్చుకోడానికి పైకి రావాలి. మరబోట్లు ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది. మరబోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదని నిబంధన ఉండనే ఉంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల కోసం పెట్టుకున్న లెక్క. తాబేళ్ళ సీజను అప్పటికి దాదాపు అయిపోతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలను పూడ్చేది కూడా ఈ పల్లెవాళ్ళే.

తాబేలు తప్పించుకునేలా వలకు చువ్వల చట్రం, పైన ద్వారం బిగించే పద్ధతి ఉంది. బాబాయ్‌ని అడిగాను. వాళ్ళ అల్లుడు బోటు మీదే కలాసీ. "సట్రం ఎడితే రొయ్య జారిపోద్దని ఓనరు ఒప్పుకోడు పాపా. మా అల్లుడేటి సేస్తాడు?" అన్నాడు. ఒకే ఇంట్లో మావగారు గుడ్లు కాస్తాడు, అల్లుడి వలలో తల్లి తాబేలు చస్తుంది. జారిపోయిన రొయ్యకు డబ్బెవరు కడతారో తేల్చకుండా పల్లెవాళ్ళను సదస్సుకు పిలవడం దండగ. పిలవాల్సింది ఓనర్లను. హార్బర్‌కి పొద్దున్నే వెళ్తే వేలంపాట దగ్గరే దొరుకుతారు.