స్టాటిన్ మానేసి చేప నూనె వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మాది భీమవరం. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే ఒక స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు అటోర్వాస్టాటిన్ 40 వాడమన్నారు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్ తెచ్చిచ్చాడు. రోజుకు నాలుగు వేసుకుంటున్నాను. రెండు నెలల్లో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 380 నుంచి 310కి దిగాయి. ఒళ్లు నొప్పులుగా ఉండడంతో మూడు వారాల కిందట అటోర్వాస్టాటిన్ ఆపేశాను. ఈమధ్య పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి కాస్త రక్తం వస్తోంది, అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది. క్యాప్సూల్స్ ఏ కంపెనీవి మంచివి? చేపలు తింటే ఇవి అక్కర్లేదా? మా ఆవిడ శాకాహారి, ఆమెకు అవిసె గింజలు సరిపోతాయా?

జవాబు: కంపెనీ సంగతి తర్వాత. స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు, స్టాటిన్ ఆపేసి మూడు వారాలైంది, దడ ఉంది. ఈ మూడూ మీరే రాశారు, అడగడం మాత్రం క్యాప్సూల్ గురించి అడిగారు!

ఈ వారంలోనే మీ కార్డియాలజిస్టును కలవండి. దడకు ఈసీజీ తీయాలి. అది వచ్చి పోయేదైతే 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రం పెట్టమనవచ్చు. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి.

స్టాటిన్‌తో కండరాల నొప్పులు వస్తాయి, కాదనను. కానీ ఒళ్లు నొప్పులన్నీ దానివల్లే అని కూడా అనుకోకూడదు. థైరాయిడ్ తక్కువున్నా, విటమిన్ డి తక్కువున్నా వస్తాయి. కండరాలు దెబ్బతిన్నాయేమో సీపీకే అనే రక్తపరీక్ష చేసి చూస్తాం. అవసరమైతే డోసు తగ్గిస్తాం, రోసువాస్టాటిన్‌కు మారుస్తాం, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు కలుపుతాం. ఇన్ని దారులు ఉండగా మీ అంతట మీరు ఆపేయడం ఏమిటండీ? మా ఓపీకి ఇలాంటి డబ్బా సంచిలో పెట్టుకొచ్చేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. ఏమేం వాడుతున్నారని అడిగితే ఆ డబ్బా మాత్రం బయటికి తీయరు. ‘అది మందు కాదు కదండీ’ అంటారు. డాక్టరు రాసిన మాత్ర అనుమానంగా కనిపిస్తుంది, సూట్‌కేసులో వచ్చింది నమ్మకంగా కనిపిస్తుంది. మీ అబ్బాయి ప్రేమను తప్పు పట్టడం లేదు. అతనికి మీ ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసి పంపారా?

చేప నూనె తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను. స్టెంట్ ఉన్నవాళ్ల విషయంలో మేం ముందు చూసేది ఎల్డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. అది 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలంటాం. చేప నూనె దాన్ని తగ్గించదు, కొందరిలో కొంచెం పెంచుతుంది కూడా. మీ ఎల్డీఎల్ ఎంతో మీరు రాయనే లేదు.

ఇక డబ్బా వెనక్కి తిప్పండి. ముందువైపు 1000 ఎంజీ అని పెద్దగా ఉండేది నూనె మొత్తం బరువు. అసలు కావాల్సినవి అందులోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు. మామూలు రకాల్లో ఇవి 180, 120 ఉంటాయి, అంటే కలిపి 300. మీ డబ్బా కూడా అలాంటిదే అయితే నాలుగింటికి 1200 ఎంజీ. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికి మేం రాసే మోతాదు రోజుకు దాదాపు 4 గ్రాములు. అలాగని పన్నెండు మింగకండి, దయచేసి! 380 నుంచి 310కి రావడం క్యాప్సూల్ గొప్పే అనలేం. ముందురోజు రాత్రి భోజనం, మద్యం, షుగర్ అదుపు, వీటన్నిటితో ఆ అంకె పైకీ కిందికీ కదులుతుంది. హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ (షుగర్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు) చేయించండి. మద్యం అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకండి.

2018లో వచ్చిన రెడ్యూస్-ఇట్ అధ్యయనంలో శుద్ధి చేసిన ఈపీఏ మందు రోజుకు 4 గ్రాములు ఇస్తే గుండె సమస్యలు పావు వంతు తగ్గాయి. దాన్ని చూపించే వీడియోలు రెండు విషయాలు చెప్పవు. అందులో ఉన్నవాళ్లంతా అప్పటికే స్టాటిన్ వాడుతున్నారు, ఈపీఏ దానికి తోడుగా ఇచ్చిందే. రెండోది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బుతో ఆసుపత్రిలో చేరినవారు ఆ మందు వాడినవారిలోనే ఎక్కువ, 2.1 శాతానికి బదులు 3.1 శాతం. మీ దడ అదేనని చెప్పడం లేదు, ఈసీజీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఈపీఏ, డీహెచ్ఏ కలిపి ఇచ్చిన స్ట్రెంగ్త్ అధ్యయనంలోనైతే 2020లో లాభమే కనిపించలేదు. అందుకే దడ సంగతి తేలేదాకా క్యాప్సూల్స్ పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం, చివరి మాట మీ కార్డియాలజిస్టుది.

చిగుళ్ల రక్తం చిగుళ్ల జబ్బు వల్ల కావచ్చు, రెండు రక్తం పలచబరిచే మాత్రల వల్ల కావచ్చు. డెంటిస్టుకు చూపించండి, స్టెంట్ ఉందని ముందే చెప్పండి. రక్తం కనిపించిందని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం ఒక్క పూట కూడా సొంతంగా ఆపకండి. స్టెంట్‌లో గడ్డ కడితే మళ్లీ గుండెపోటే. మలం తారులా నల్లగా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చేపలు తినండి, హాయిగా. కాకపోతే మీ చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చెల్లో మాంసకృత్తులు బాగున్నా ఒమేగా-3 తక్కువే. సముద్రం మీకు దూరమేం కాదు. కవళ్లు, కానాగంతలు చౌక చేపలని చిన్నచూపు చూస్తారు గానీ మీకు కావాల్సిన కొవ్వు ఉన్నది వాటిలోనే. వారానికి రెండుసార్లు, పూటకు వంద గ్రాములు చాలు. పులుసు పెట్టుకోండి, నూనెలో ముంచి వేయించకండి. ఎండు చేపలు వద్దు, ఉప్పు ఎక్కువ. పులస గురించి అడక్కండి, దాని ధర వింటే నాకే దడ వస్తుంది.

మీ ఆవిడకు అవిసె గింజలు మంచివే. అందులో ఉండేది ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3, మన ఒంట్లో అది ఈపీఏగా మారేది కొద్దిగానే, డీహెచ్ఏగా ఇంకా తక్కువ. రోజుకు ఒక చెంచా, దోరగా వేయించి పొడి కొట్టి తినాలి. గింజ అలాగే మింగితే అలాగే బయటికి పోతుంది. మార్కెట్లో ఆకు, పువ్వు కూర వండే అవిసె చెట్టు వేరు, ఆ గింజలు తేకండి. అక్రోట్లు కూడా మంచివే. డీహెచ్ఏ నిజంగా అవసరమని డాక్టరు అంటే సముద్రపు నాచు నుంచి తీసిన క్యాప్సూల్స్ దొరుకుతాయి. చేపలకు కూడా అది నాచు నుంచే వస్తుంది. ఆవిడ బీపీ, షుగర్ చివరిసారి ఎప్పుడు చూపించారు?