‘కొనండి’ బటన్ నొక్కితే కొన్నట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: డబ్బు కట్టాం, వస్తువు మాది కాదంటున్నారు. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. పేర్లు వేయొద్దని ఇద్దరు అడిగారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: సార్, కార్ల రేసింగ్ గేమ్ ఒకటి డిస్క్ కొన్నాను. పైరేటెడ్ కాదు, సీలు నా చేత్తోనే తీశాను. చాలా రోజుల తర్వాత మొన్న పెడితే డిస్క్ తిరుగుతోంది, మొదట్లో వచ్చే పాట వస్తోంది, ఆ తర్వాత ‘సర్వర్‌కు కనెక్ట్ అవుతోంది’ అంటూ ఓ సున్నా తిరుగుతూ అక్కడే ఉండిపోతోంది. కంపెనీకి రాస్తే ఆ గేమ్ సేవలు ముగిశాయన్నారు. నేను ఎవరితోనూ పోటీ పడను, ఒక్కడినే ఆడుకుంటాను. డిస్క్ నా చేతిలో ఉండగా గేమ్ ఎలా పోతుంది?

జవాబు: డిస్క్ మీదే. అమ్ముకోవచ్చు, గోడకు తగిలించుకోవచ్చు, టీ కప్పు కింద పెట్టుకోవచ్చు. అందులోని గేమ్ విషయంలో మాత్రం మీకు ఇచ్చింది ఆడుకోవడానికి అనుమతి, అంటే లైసెన్స్. మొదటిసారి ఆన్ చేసినప్పుడు పొడవాటి పేజీ ఒకటి వచ్చి ఉంటుంది, మీరు చివరిదాకా తోసేసి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కి ఉంటారు (నేనూ అంతే, ఈ విషయంలో నన్ను ఆదర్శంగా తీసుకోకండి). సేవలు ఎప్పుడైనా ఆపే హక్కు తమకు ఉందన్న ముక్క ఆ పేజీలోనే ఎక్కడో ఉంటుంది.

మీ గేమ్ పేరు రాయలేదు గానీ, అచ్చం ఇలాంటి కథే యూబీసాఫ్ట్ వాళ్ల ‘ది క్రూ’ది. 2014లో వచ్చిన ఆ రేసింగ్ గేమ్‌ని ఒంటరిగా ఆడుకున్నా నెట్ ఉండాల్సిందే. 2023 డిసెంబరులో అమ్మకాలు ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు. అంతటితో ఊరుకోకుండా, కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా వెనక్కి తీసుకున్నారు. ఇద్దరు ఆటగాళ్లు కాలిఫోర్నియాలో కేసు వేస్తే, వాళ్లకు అమ్మింది లైసెన్సే గానీ గేమ్ కాదని కంపెనీ వాదించింది. దానికి ఆ ఇద్దరూ డబ్బాలో వచ్చిన యాక్టివేషన్ కోడ్ కాగితం ముందు పెట్టారు. ఆ కోడ్ గడువు 2099 దాకా ఉందట! 2099 దాకా చెల్లే కోడ్ చేతిలో పెట్టి పదేళ్లకే తలుపు మూస్తే ఎవరికైనా మండుతుంది కదా.

కంపెనీల వైపు మాట కూడా ఒకటి ఉంది, అది పూర్తిగా అబద్ధం కాదు. సర్వర్లు నడపడానికి ఖర్చవుతుంది. గేమ్‌లో కనిపించే కార్ల బ్రాండ్లకూ, వినిపించే పాటలకూ వాళ్లు చేసుకున్న ఒప్పందాలకు గడువుంటుంది. కానీ గడువు తీరితే కొత్తగా అమ్మడం ఆపాలి, అప్పటికే కొన్నవాళ్ల ఆట ఎందుకు ఆపాలి? ‘ఫోర్జా హొరైజన్ 4’ని సరిగ్గా ఈ కారణంతోనే 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి తీసేశారు, కొన్నవాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా ఆడుకుంటూనే ఉన్నారు. అమ్మకం ఆపడం వేరు, ఆట ఆపడం వేరు. ఈ రెంటినీ కలిపి చెప్పే కస్టమర్ కేర్ జవాబులు చదివినప్పుడు మీరు ఈ తేడా పట్టుకుని అడగండి.

‘ది క్రూ’ మూతపడ్డాకే, 2024 ఏప్రిల్‌లో, రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లు కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు, చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మూసేసే రోజు వచ్చినప్పుడు గేమ్‌ని ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు, అంటే ఆఫ్‌లైన్ మోడ్ ఇవ్వడమో, ఆటగాళ్లు సొంతంగా సర్వర్ పెట్టుకునే వీలు కల్పించడమో. యూరోపియన్ యూనియన్‌లో ఇదే కోరుతూ పెట్టిన పిటిషన్ మీద 2025 జులై గడువు లోపల 10 లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. యూబీసాఫ్ట్ కూడా 2024 సెప్టెంబరులో ‘ది క్రూ 2’కి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని ప్రకటించింది. సాధ్యం కాదని అంతకుముందు అనుకున్నది గట్టిగా అడిగేసరికి సాధ్యమైపోయింది.

ఇప్పుడు మీ సంగతి. ఎప్పుడు కొన్నారన్నది ముఖ్యం. మూతపడటానికి కొద్ది నెలల ముందే కొని ఉంటే రసీదు జత చేసి రీఫండ్ అడగండి, ‘మూసేయబోతున్నట్టు నాకు అమ్మేటప్పుడు చెప్పలేదు’ అన్న ఒక్క వాక్యం మీద నిలబడండి. గూగుల్ తన స్టేడియా ఆన్‌లైన్ గేమింగ్ సర్వీసుని 2023 జనవరిలో మూసేసినప్పుడు తన స్టోర్‌లో కొన్న గేములకూ, కంట్రోలర్లకూ డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చని చెప్పడానికి అదొక ఉదాహరణ. ఏళ్ల కిందట కొని, ఆడినంత ఆడి ఉంటే మాత్రం డబ్బు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ఆడేసిన గేములు నా ఖాతాలో నలభై దాకా పడి ఉన్నాయి. చదివేసిన పుస్తకం అమ్ముకోవచ్చు కదా, వీటిని ఎందుకు అమ్ముకోనివ్వరు?

జవాబు: మీ పోలిక చక్కగా కుదిరింది, ఎందుకంటే ఈ గొడవ పుస్తకంతోనే మొదలైంది. అమెరికాలో ఒక ప్రచురణకర్త నవల లోపలి పేజీలో ‘ఒక డాలరు కంటే తక్కువకు అమ్మడానికి లైసెన్స్ లేదు, అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన’ అని అచ్చు వేశాడు. మేసీస్ అనే పెద్ద దుకాణం పట్టించుకోకుండా 89 సెంట్లకు అమ్మేసింది. 1908లో సుప్రీంకోర్టు దుకాణం వైపే తీర్పు చెప్పింది: ఒకసారి పుస్తకం అమ్మేశాక, కొన్నవాడు దాన్ని ఎంతకు అమ్ముకుంటాడన్నది కాపీరైట్ చేతుల్లో ఉండదు. పాత పుస్తకాల షాపులకు అక్కడి చట్టంలో పునాది ఇదే.

అప్పుడు కాగితం మీద అచ్చేసి చెల్లని షరతే ఇప్పుడు స్క్రీన్ మీద టిక్ పెట్టించుకుని చెల్లించుకుంటున్నారని నాకు అనిపిస్తుంది. కోర్టులు చెప్పే కారణం వేరు. పుస్తకం చేతులు మారితే మీ దగ్గర ఉండదు, ఫైల్ చేతులు మారాలంటే ఇంకో కాపీ తయారవ్వాలి, పైగా వాడిన ఫైల్ నలగదు, చిరగదు, కొత్తదానికీ పాతదానికీ తేడా ఉండదు. యూరోపియన్ యూనియన్ కోర్టు 2012లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్ కేసులో, శాశ్వత లైసెన్స్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ని తిరిగి అమ్ముకోవచ్చని చెప్పింది, అందరూ ఎగిరి గంతేశారు. 2019 డిసెంబరులో అదే కోర్టు ఈ-బుక్స్‌కి అది వర్తించదంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ మీద ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం వేసిన కేసు కూడా ఇలాగే తిరిగింది: 2019లో గెలుపు, 2022లో అప్పీల్లో ఓటమి, 2024లో పై కోర్టులోనూ ఓటమి. కాబట్టి మీ నలభై గేములూ మీ ఖాతాలోనే ఉంటాయి. ఖాతా మొత్తం అమ్మేద్దామనుకుంటున్నారేమో, నిబంధనలు అదీ ఒప్పుకోవు, బయటపడితే ఖాతా మూసేస్తారు.

ప్రశ్న: మా నాన్నగారు ఈ మధ్యే పోయారు. ఆయన ఫోన్‌లో కొన్న సినిమాలు, పాటలు, ఈ-బుక్స్ చాలా ఉన్నాయి. పాత పాటలు ఏరి ఏరి కొనుక్కున్నారు. అవి మా అమ్మ పేరు మీదకు మార్చడం కుదురుతుందా?

జవాబు: అమ్మా, ముందుగా మీకు నా సానుభూతి. కుదురుతుందని రాయాలనే ఉంది, కానీ చాలా కంపెనీల నిబంధనల్లో ఖాతా బదిలీ చేయడానికి వీల్లేదని ఉంటుంది. లైసెన్స్ ఆయనకిచ్చారు, ఆయనతోనే ముగిసిందంటారు. యాపిల్‌లో మన తర్వాత ఎవరు ఖాతా చూడాలో ముందే రాసిపెట్టే ‘లెగసీ కాంటాక్ట్’ సదుపాయం 2021 చివర్లో వచ్చింది. దాని ద్వారా ఫొటోలు, నోట్స్, మెసేజ్‌లు దొరుకుతాయి. కొన్న సినిమాలు, పాటలు, పుస్తకాలు దొరకవు. 2024లో ఒకరు స్టీమ్‌ని ఇదే అడిగితే, వీలునామాతో కూడా ఖాతా ఇంకొకరికి బదిలీ కాదని సపోర్ట్ వాళ్లు జవాబిచ్చారని వార్తలొచ్చాయి.

అందుకని వరస మార్చి చేయండి. ఖాతా మూయించే పని ఇప్పుడే పెట్టుకోకండి. ముందు ఫొటోలు, వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు వేరే చోటికి కాపీ చేసుకోండి. సినిమా మళ్లీ కొనుక్కోవచ్చు, ఆయన గొంతు కొనలేరు. పాటల్లో కొన్ని ఏ తాళమూ లేని మామూలు ఎంపీ3 ఫైళ్లు అయి ఉండొచ్చు, అవి కాపీ చేస్తే ఎక్కడైనా మోగుతాయి. తాళం ఉన్నవి ఆయన ఫోన్‌లో లాగిన్ ఉన్నంతకాలం అక్కడే వినొచ్చు. ఆ ఫోన్ అలాగే అమ్మగారికి ఇచ్చేస్తే నిబంధనల ప్రకారం సరైన పని కాదేమో, నాకైతే అందులో తప్పేం కనిపించలేదు.

మిగతా పాఠకులకు ఒక మాట: ఇంట్లో ఫ్యామిలీ షేరింగ్ ఉంటే పెట్టుకోండి, కానీ దాన్ని వారసత్వం అనుకోకండి. కొన్న మనిషి ఖాతా పోతే అందులోంచి షేర్ అయినవీ పోతాయి.

ప్రశ్న: అద్దెకి తీసుకున్న సినిమా పోతే అర్థం చేసుకుంటాను. ‘కొనండి’ అని ఉన్న బటన్ నొక్కి ఎక్కువ డబ్బు కట్టిన సినిమా కూడా లైబ్రరీలోంచి మాయమైంది. ఇది మోసం కాదా?

జవాబు: మోసం అనే మాట చట్టంలో బరువైనది కాబట్టి ఆచితూచి వాడాలి. ఆ బటన్ మీద ఆ మాట తప్పుదోవ పట్టిస్తుందని కాలిఫోర్నియా శాసనసభకే అనిపించింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మీకు దక్కేది లైసెన్స్ అని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ వస్తువుల మీద ‘కొనండి’ అని రాయకూడదు. ఆన్‌లైన్ లేకుండా ఎప్పటికీ వాడుకునేలా డౌన్‌లోడ్ ఇచ్చేస్తే ఈ గొడవ లేదు. చట్టం అమల్లోకి రాకముందే స్టీమ్ తన కార్ట్‌లో ఆ ముక్క పెట్టేసింది. ఇందులో నాకున్న అసంతృప్తి ఒకటే: చట్టం నిజం చెప్పమంది గానీ, వస్తువు ఇమ్మనలేదు.

మాయమవడానికి కారణం సాధారణంగా ఇది: మీకు అమ్మిన స్టోర్‌కే ఆ సినిమా మీద శాశ్వత హక్కు లేదు, స్టూడియోతో ఒప్పందం తీరిపోయింది. 2023 డిసెంబరులో సోనీ ఇలాగే, డిస్కవరీ కార్యక్రమాలు కొన్నవాళ్ల ప్లేస్టేషన్ లైబ్రరీల్లోంచి ఆ నెలాఖరుకి తీసేస్తున్నామని ప్రకటించింది. జనం గగ్గోలు పెట్టారు, నెల తిరక్కముందే ఒప్పందం పొడిగించుకుని నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఇంకా పాతది, 2009లో అమెజాన్ కొందరి కిండిల్ ఈ-బుక్ రీడర్లలోంచి కొన్న పుస్తకాలను దూరం నుంచే చెరిపేసింది. ఆ పుస్తకాలను అమెజాన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లకు హక్కులు లేవని తేలింది, డబ్బు వెనక్కి ఇచ్చారు, జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పాడు. చెరిపేసిన పుస్తకం ఏదో తెలుసా? ప్రభుత్వం పాత రాతలను చెరిపేస్తూ ఉండే కథ, ఆర్వెల్ నవల ‘1984’. ఓ విద్యార్థి అందులో రాసుకున్న నోట్సు కూడా పనికిరాకుండా పోయి, అతను కోర్టుకెళ్లాడు.

నా సొంత గోడు కూడా చెప్పుకోనివ్వండి. ఆడియో పుస్తకాల యాప్ ఒకటి, పేరు వద్దు, మూసేసే ముందు ‘అరవై రోజుల్లో డౌన్‌లోడ్ చేసుకోండి’ అని మెయిల్ పంపింది. ఆ మెయిల్ డిస్కౌంట్ ప్రకటనల మధ్య ప్రమోషన్స్‌లో పడి ఉంది. నేను చూసింది డెబ్బై రెండో రోజు. పదకొండు పుస్తకాలు పోయాయి. అప్పట్నుంచి డబ్బు పెట్టిన ప్రతి స్టోర్ మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వచ్చేలా పెట్టుకున్నాను, మీరూ ఈ పని ఇవాళే చేయండి. మీ సినిమా విషయంలో ముందు ఆర్డర్ రసీదు వెతికి, అందులో ‘కొనుగోలు’ అని ఉందో ‘అద్దె’ అని ఉందో చూసి, ఆ స్క్రీన్‌షాట్‌తో రీఫండ్ అడగండి. చాలా స్టోర్లు గొడవెందుకని క్రెడిట్ అయినా ఇస్తాయి.

ప్రశ్న: కొన్నా సొంతం కానప్పుడు, పైరసీ చేస్తే దొంగతనం ఎలా అవుతుంది?

జవాబు: డైలాగ్ బాగుంది, టీషర్ట్ మీదకు పనికొస్తుంది. కోర్టులో పనికిరాదు, కాపీరైట్ ఉల్లంఘన అలాగే ఉంటుంది. ఎక్కడా దొరక్కుండా పోయిన పాత గేముల విషయంలో మాత్రం మీ కోపం నాకు అర్థమవుతుంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. డబ్బిస్తామన్నా అమ్మేవాడు లేడు. నిన్న విడుదలైన గేమ్‌కి ఈ సాకు చెప్తే మాత్రం నేను వినను.

ప్రశ్న: అంకుల్, నేను తొమ్మిదో తరగతి. డౌన్‌లోడ్ చేసుకుంటే చవక, మా అన్నయ్య డిస్క్ కొనమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మీ అన్నయ్య తెలివైనవాడే బాబూ, కానీ సగమే చెప్పాడు. డిస్క్ లేదా కార్డ్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు. అయితే గేమ్ మొత్తం అందులోనే ఉందో లేదో చూడాలి. నింటెండో వాళ్ల స్విచ్ 2 కన్సోల్‌కి ‘గేమ్ కీ కార్డ్’ అని వస్తున్నాయి, వాటిలో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. అవి చేతులు మారొచ్చు గానీ, డౌన్‌లోడ్ సర్వర్ పోతే కొత్తగా ఎక్కించుకోలేవు. కంప్యూటర్లో ఆడేవాడివైతే జీఓజీ లాంటి స్టోర్లో ఇన్‌స్టాలర్ ఫైలే ఇచ్చేస్తారు, హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు. అది అమ్ముకోవడానికి కుదరదు, పోవడానికీ కుదరదు. కన్సోల్‌కి కొంటుంటే బిల్లు కట్టే ముందు డబ్బా ముందు వైపు కింది భాగం చూడు, కీ కార్డ్ అయితే అక్కడ రాసి ఉంటుంది. ‘ఇంటర్నెట్ తప్పనిసరి’ అన్న ముక్క సాధారణంగా వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ అన్నయ్య చేత చదివించు.