పది ఓటముల సీజన్‌ను ఎలా చదవాలి?

ప్రశ్న: మా అన్నయ్య కూతురు మేరీల్యాండ్‌లో ఉంటోంది. కిందటి వేసవిలో మేము వెళ్ళినప్పుడు అనాపొలిస్‌లోని అమెరికా నేవల్ అకాడమీని చూపించింది. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన తమ పాత ఫుట్‌బాల్ కోచ్ పాల్ జాన్సన్ గురించి ఎంతో గౌరవంగా మాట్లాడారు. అయితే ఆయన వచ్చిన మొదటి సంవత్సరం, అంటే 2002లో, జట్టు పన్నెండు ఆటల్లో పది ఓడిపోయిందట. అలాంటి సీజన్‌ను అంత ఆప్యాయంగా తలచుకోవడానికి కారణమేమిటి? కొత్త కోచ్ మొదటి ఏడాదిలో మనం ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు విన్న లెక్క నిజమే. అయితే దానికి ముందు రెండేళ్ళ లెక్క కూడా పక్కన పెట్టుకుని చూడాలి. 2000లో నేవీ (నేవల్ అకాడమీ జట్టును అలాగే పిలుస్తారు) పదకొండు ఆటలాడి ఒక్కటే గెలిచింది, 2001లో ఆడిన పదీ ఓడిపోయింది. జాన్సన్ చేతికి వచ్చింది ఆ జట్టు.

సైనిక కళాశాలలో కోచ్ పని మిగతా విశ్వవిద్యాలయాలలో పని వంటిది కాదు. అక్కడ చేరే ప్రతి విద్యార్థీ చదువు పూర్తయిన తరువాత కనీసం ఐదేళ్ళు సైన్యంలో పనిచేయాలి, ఎత్తుకు తగిన బరువు నియమాలను పాటించాలి, కఠినమైన చదువుతో పాటు సైనిక శిక్షణ కూడా పొందాలి. వృత్తి క్రీడాకారులు కావాలనుకునే భారీకాయులైన కుర్రాళ్ళు సాధారణంగా అటువైపు చూడరు. కాబట్టి ఎదుటి జట్టు కంటే చిన్న దేహాలతో గెలిచే పద్ధతి ఏదైనా ఉంటే, కోచ్ దానినే నేర్పాలి.

జాన్సన్ దగ్గర ఆ పద్ధతి ఉంది. దానిని ట్రిపుల్ ఆప్షన్ అంటారు. (ఇది బంతిని చేతపట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అని గుర్తుంచుకోండి.) ఎదుటి జట్టులో ఒక మనిషిని కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) బంతిని ఫుల్‌బ్యాక్ (అతని వెనుక నిలబడి బంతితో పరుగెత్తేవాడు) పొట్టకు ఆనించి, చేతులు తీయకుండానే, ఆ వదిలేసిన మనిషి ఎటు కదులుతున్నాడో చూస్తాడు. అతడు ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే బంతిని వెనక్కి లాక్కుని తానే పక్కకు పరుగెత్తుతాడు. అక్కడ ఇంకొకడు తన మీదికి వస్తే, వెంట పరుగెత్తి వస్తున్న సహచరుడికి విసురుతాడు. ఇదంతా రెప్పపాటులో జరగాలి. అడ్డుకోనక్కరలేని మనిషిని కళ్ళతోనే ఓడిస్తున్నారు గనుక, మిగతావారిని అడ్డుకోవడానికి నేవీకి ఒక మనిషి అదనంగా మిగులుతాడు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చే ఆలోచన ఇదే.

ఆప్షన్ ఆట నేవీకి అప్పటికే పరిచయం. 1995, 96 సంవత్సరాలలో జాన్సన్ స్వయంగా అక్కడ అఫెన్స్ కోఆర్డినేటర్‌గా, అంటే జట్టు దాడి ఆటను నడిపే సహాయ కోచ్‌గా పనిచేశారు. ఆ తరువాత జార్జియా సదర్న్ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ళు ప్రధాన కోచ్‌గా ఉండి, 1999లోను 2000లోను రెండో స్థాయి జాతీయ టైటిల్ గెలిచి తిరిగి వచ్చారు.

2002లో మొదటి ఆటలోనే టెక్సాస్‌కు చెందిన ఎస్ఎంయూ (సదర్న్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం) జట్టును 38–7తో ఓడించారు. ఆ తరువాత వరుసగా పది ఓటములు! నార్త్ కరోలినా స్టేట్ 65 పాయింట్లు, ఎయిర్ ఫోర్స్ (వైమానిక దళ అకాడమీ జట్టు) 48 పాయింట్లు చేశాయి. పరుగులు కదం తొక్కుతున్నా డిఫెన్స్ నిలబడలేకపోయింది. అయితే నవంబరులో బాల్టిమోర్‌లో నోటర్ డామ్‌తో ఆడిన ఆటను గమనించండి. 1963లో క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ ఆడిన రోజుల తరువాత నేవీ అప్పటివరకు ఒక్కసారీ ఓడించని ఆ ప్రత్యర్థి మీద, నాలుగో క్వార్టర్‌లో నేవీ 23–15 ఆధిక్యంలో ఉండి, చివరి నిమిషాలలో 30–23తో ఓడిపోయింది. వేక్ ఫారెస్ట్ చేతిలో ఓటమి మూడు పాయింట్ల తేడాతోనే. పట్టికలో రెండూ ఓటములే, కానీ ఆడిన కుర్రాళ్ళకు తాము ఎక్కడికి చేరువవుతున్నారో తెలిసే ఉంటుంది. ఇన్ని ఓటముల మధ్య కూడా జాన్సన్ తన ఆటను మార్చలేదు. మొదటి ఏడాదిలో కోచ్‌ను కొలవవలసినది ఇక్కడేనని నా నమ్మకం: ఓడుతున్నప్పుడు తాను నేర్పుతున్నదానినే పట్టుకుని ఉన్నాడా, కుర్రాళ్ళు అతనితో ఉన్నారా అన్నది చూడాలి.

దానికి జవాబు డిసెంబరు 7న న్యూజెర్సీలో ఆర్మీతో (సైనిక అకాడమీ జట్టు, నేవీకి చిరకాల ప్రత్యర్థి) జరిగిన చివరి ఆటలో దొరికింది. నేవీ 58–12తో గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ క్రెయిగ్ కాండెటో ఒక్కడే ఆరు టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించడం) పరుగెత్తి సాధించాడు. అప్పటినుంచి 2015 వరకు ఆర్మీ చేతిలో నేవీ ఓడలేదు. మధ్యలో 2007 తరువాత జాన్సన్ జార్జియా టెక్‌కు వెళ్ళిపోయినా ఆ పరంపర ఆగలేదు. 2003లో ఎనిమిది గెలుపులతో పాటు, మూడు సైనిక అకాడమీలు పోటీపడే కమాండర్ ఇన్ చీఫ్ ట్రోఫీని 1981 తరువాత మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. 2004లో పది గెలిచారు. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో న్యూ మెక్సికోతో ఆడిన బౌల్ ఆటలో (సీజన్ చివర బాగా ఆడిన జట్లకు దక్కే ప్రత్యేక ఆట) ఒకే దాడిని 26 ఎత్తులతో 14 నిమిషాల 26 సెకన్లు నడిపారు. క్వార్టర్ నిడివి 15 నిమిషాలని గుర్తు చేసుకుంటే, ఎదుటి జట్టు అఫెన్స్ ఎంతసేపు బయట నిలబడి చూసిందో ఊహించవచ్చు.

మీరు కలిసిన పెద్దాయన ఆప్యాయతకు ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. ఆర్మీ–నేవీ ఆట ముగిసిన వెంటనే రెండు జట్లూ కలిసి ఒకరి విద్యార్థుల ముందుకు, తరువాత మరొకరి విద్యార్థుల ముందుకు వెళ్ళి, అక్కడి కళాశాల గీతం పూర్తయ్యే వరకు నిలబడతాయి. ఓడినవారి గీతం ముందు, గెలిచినవారిది తరువాత. అందుకే అక్కడి విద్యార్థులు ఏడాది పొడుగునా కోరుకునేది, రెండోసారి పాడే వంతు తమకు రావాలని. పది ఓటములు మోసిన 2002 జట్టులోని నాలుగో ఏడాది కుర్రాళ్ళకు అది ఆఖరి ఆట, ఆ సాయంత్రం రెండో గీతం వాళ్ళది.