గోల్ఫ్‌లో డ్రైవర్ తేలికైతే బంతి ఎక్కువ దూరం పోతుందా?

పోదు. నా విషయంలో బంతి పోలేదు, ముప్పై తొమ్మిది వేలు పోయాయి.

అడిగినాయన రాసింది ఇది: "నాకు 52 ఏళ్లు, గోల్ఫ్ మొదలెట్టి రెండేళ్లయింది. తేలికపాటి డ్రైవర్ తీసుకుంటే డ్రైవ్‌లో ఇరవై గజాలు పెరుగుతాయంటున్నారు. తీసుకోమంటారా?" ఎవరంటున్నారో కూడా రాసి ఉండాల్సింది. రాయకపోయినా నాకు తెలుసు లెండి, అమ్మేవాళ్లే అంటారు. కొత్తవాళ్ల కోసం ఒక మాట: డ్రైవర్ అంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టడానికి వాడే క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర. దాని కడ్డీ షాఫ్ట్, పట్టుకునే పిడి గ్రిప్, కొసనుండే ముద్ద తల, తలలో బంతికి తగిలే వైపు మొహం.

నేను విశాఖలో ఉంటాను. ముప్పై మూడేళ్లు యంత్రాల మధ్య ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఎనిమిదేళ్లుగా ఆడుతున్నాను. నా ఆట ఏపాటిదో చెప్పే అంకె, అదే హ్యాండిక్యాప్, మాత్రం అడక్కండి.

రెండేళ్ల క్రితం వేరే ఊరు వెళ్లినప్పుడు ఒక గోల్ఫ్ షాపులో దూరాను. అక్కడి కుర్రాడు చాలా మర్యాదస్తుడు, మంచినీళ్లిచ్చాడు, కుర్చీ వేశాడు. అప్పుడే అనుమానించాల్సింది. "మీ వయసు వాళ్లకి నలభై గ్రాముల షాఫ్ట్ అయితేనే సార్ ఊపు వస్తుంది" అని వల ముందు నిలబెట్టి పది బంతులు కొట్టించాడు. తెర మీద ఒక్క అంకే చూపించాడు, క్లబ్ స్పీడ్. నా పాత డ్రైవర్‌తో గంటకి 86 మైళ్లు, కొత్తదానితో 88. "చూశారా సార్!" అన్నాడు. చూశాను. కార్డు గీశాను. బంతి వేగం ఎంత, క్లబ్బు మొహం మీద ఎక్కడ తగిలింది, ఇవేవీ అతను చూపించలేదు, నేనూ అడగలేదు. జీవితమంతా కొటేషన్లలో మూడు లోపాలు పట్టుకున్న మనిషిని, నా సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి గంగిరెద్దులా తలూపాను.

ఆ ఆదివారం పొద్దున్న ఆరుంబావుకి మొదటి టీ మీద, అంటే ఆట మొదలెట్టే చోట, ఉన్నాం. వెనక మరో నలుగురు తమ వంతు కోసం చూస్తున్నారు. మొదటి బంతి కుడివైపు తుప్పల్లోకి పోయింది. సరే, కొత్త క్లబ్బు కదా అనుకున్నా. రెండోది ఎడమకి పోయింది. మూడో హోల్ దగ్గర కొట్టింది బంతి నెత్తిన తగిలి నలభై గజాలు దొర్లి ఆగింది. మా క్యాడీ, అంటే క్లబ్బుల సంచీ మోసే అతను, ఎనిమిదేళ్లుగా నా పాపాలన్నీ చూస్తున్నవాడు, ఎప్పుడూ ఏమీ అనడు. ఆ రోజు మాత్రం డ్రైవర్ నా చేతిలోంచి తీసుకుని, రెండు వేళ్లతో పైకీ కిందికీ ఆడించి, "ఏటండి బాబూ, ఇది కర్రా చీపురుపుల్లా? చేతిలో ఉందో లేదో తెలీట్లేదు" అన్నాడు.

అసలు జవాబు అదే. మిగతాదంతా నా రిటైర్డ్ ఇంజనీరు చాదస్తం, ఓపికుంటే చదవండి.

ఇంటికొచ్చి మా ఆవిడ కేకుల పిండి తూచుకునే తక్కెడ తీశాను. మూరెడు కూడా లేని తక్కెడ మీద గజం పైన ఉండే క్లబ్బుని తూచడం మీరనుకున్నంత సులువు కాదు. నిలబెడితే పడిపోతుంది, పట్టుకుంటే అంకె మారిపోతుంది. చివరికి స్టీలు గ్లాసు బోర్లించి, తక్కెడని సున్నా చేసి, గ్లాసు మీద క్లబ్బుని అడ్డంగా పెట్టి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ సమంగా నిలిచే చోటు పట్టుకున్నాను. కొత్తది 281 గ్రాములు, పాతది 321. నలభై గ్రాముల తేడా. అందులో తల దగ్గర తగ్గింది పది గ్రాములే, మిగతాదంతా షాఫ్ట్‌లోనూ గ్రిప్‌లోనూ పోయింది. ఈ లోపు మా ఆవిడ వచ్చి, ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదని చెప్పి వెళ్లింది.

ఇప్పుడు లెక్క. డ్రైవర్ తల దాదాపు 200 గ్రాములుంటుంది. బంతి నిబంధనల ప్రకారం 45.93 గ్రాములు దాటకూడదు. ఇంత బరువైనది అంత తేలికైనదాన్ని ఢీకొన్నప్పుడు, తలకి మరో పది గ్రాములు కలిపి అదే వేగంతో కొట్టినా బంతి వేగం ఒక్క శాతం కూడా పెరగదు. పది తీసేస్తే తగ్గేదీ దాదాపు అంతే. కావాలంటే కాగితం మీద వేసుకోండి, ఇంటర్ ఫిజిక్సే. కాబట్టి బరువు తగ్గి ఊపు కాస్త పెరిగినా వచ్చేది మైలో, రెండు మైళ్లో. మరి పోయేది? బంతి మొహం నడిబొడ్డున తగిలితే క్లబ్బు వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్లు వెళ్తుంది. పక్కకి తగిలిందా, వచ్చిన రెండు మైళ్లూ పోయి, ఇంకో అయిదు చేతిలోంచి పడతాయి.

ఇది ఊరికే అనడం లేదు. హైదరాబాద్‌లో మా అల్లుడు ఒక సిమ్యులేటర్‌కి, అంటే గదిలోనే బంతి కొట్టి వేగాలు కొలిచే చోటికి, తీసుకెళితే రెండు డ్రైవర్లతోనూ చెరో ఇరవై బంతులు కొట్టాను. పాతదానితో క్లబ్బు 86, బంతి 124. కొత్తదానితో క్లబ్బు 88, బంతి 119. ముఖానికి రాసుకునే పౌడర్ తడిచేత్తో క్లబ్బు మొహానికి అద్ది చూస్తే, పాతదాని గుర్తులన్నీ రూపాయి బిళ్లంత చోట పడ్డాయి. కొత్తదానివి పేడ చల్లినట్టు మొహమంతా ఉన్నాయి. మీరూ పౌడర్ పెట్టి చూసుకోండి, ఆ షాపు తెర కంటే అది నిజం చెబుతుంది.

తేలిక క్లబ్బుతో అలా ఎందుకవుతుందో మా అమ్మమ్మకి తెలుసు. రోకలి కొసకి పొన్ను ఎందుకు వేస్తారు? కర్ర అరిగిపోకుండా అనుకుంటాం. అదొక్కటే కాదు, పొన్ను ఊడిన రోకలితో దంచమంటే ఆవిడ విసుక్కునేది, పోటు ఎక్కడ పడుతుందో తెలియదనేది. కొసన బరువుంటే చేతికి కబురు అందుతుంది. గోల్ఫ్‌వాళ్లు దీన్నే స్వింగ్ వెయిట్ అంటారు, పిడి కొస నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి ఎటు ఎంత మొగ్గుతుందో తూచి సీ9, డీ2 అని పేర్లు పెట్టారు. మొత్తం బరువు వేరు, ఇది వేరు. తలకి రెండు గ్రాములు అతికిస్తే ఒక మెట్టు మారుతుంది. షాపులో ఎవరైనా గ్రాములు చెప్పి ఊరుకుంటే, సగమే చెప్పినట్టు.

అయినా ఈ తేలిక పిచ్చి ఎప్పుడు మొదలైందో గానీ, 1963లో అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ కర్ర తల, స్టీలు షాఫ్ట్ డ్రైవర్‌తో ఒక పోటీలో 341 గజాలు కొట్టాడు. ఇప్పటి బరువుల ముందు అది గునపం. ఇంకో పక్క మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్, టోక్యో ఒలింపిక్స్‌లో ఆడినవాళ్లలో తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకరు, నాలుగో స్థానంలో నిలిచింది. సాహిత్ తీగల 2023లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల పీజీఏ టూర్‌లో గెలిచినప్పటి నుంచీ మా కాలనీలో గోల్ఫ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు, మన తెలుగు కుర్రాడని అందరికీ గర్వమే. కాకపోతే ఇప్పుడు అందరూ అడిగేది "ఆయన ఏ క్లబ్బు వాడతాడు?" అనే. ఆ అబ్బాయి చిన్నప్పటి నుంచి కొట్టిన బంతుల సంఖ్య ఎవరూ అడగరు.

ముప్పై తొమ్మిది వేల వస్తువుని అటక ఎక్కించడం నా వల్ల కాలేదు. టైర్ల షాపుకెళ్లి, చక్రాల బ్యాలెన్సింగ్‌కి అతికించే అయిదు గ్రాముల ముక్కలు రెండు అడిగాను. "ఏ బండికండీ?" అన్నాడు. బండికి కాదు, బంతికి అన్నాను. నన్ను ఎగాదిగా చూసి డబ్బు తీసుకోకుండానే ఇచ్చాడు. డ్రైవర్ అడుగున అతికించి కొడితే తల మళ్లీ చేతికి తెలిసింది, బంతి ఫెయిర్‌వేలో, అంటే మధ్యనుండే గడ్డి దారిలో, పడింది. దూరం సరిగ్గా పాత డ్రైవర్‌దే. మా నలుగురిలో ఒకాయన ఉన్నాడు, స్కోరు రాసేటప్పుడు గుర్తురాని నిబంధనలన్నీ పక్కవాడి క్లబ్బు చూస్తే గుర్తొస్తాయి. "ఆట మధ్యలో బరువు మార్చకూడదు" అన్నాడు. అది నిజమే, మార్చకూడదు. నేను ఇంటి దగ్గరే అతికించుకొచ్చాను.

మీకు 52 అంటున్నారు కాబట్టి 55 నుంచి 65 గ్రాముల మధ్య షాఫ్ట్‌లు రెండు మూడు పట్టుకుని చూడండి. కొట్టేటప్పుడు బంతి వేగం చూపించమనండి. చూపించకపోతే మంచినీళ్లు తాగి వచ్చేయండి. మిగిలిన డబ్బుతో కోచ్ దగ్గర పది క్లాసులు వస్తాయి.

ఇంకో మాట దాచడం ఎందుకు. ఆ డ్రైవర్ చివరికి మా బావగారికి ఇచ్చేశాను. ఆయనకి 72, ఊపు నెమ్మది, భుజం ఆపరేషన్ కూడా అయింది. ముక్కలు పీకేసి ఉన్నదున్నట్టు వాడుతున్నాడు. ఆయన పాతదానికంటే పది గజాలు ఎక్కువే పోతోంది, అదీ తిన్నగా. మొన్న ఏడో హోల్‌లో ఆయన బంతి నా బంతిని దాటి ఆగింది. "ఎంత మంచి క్లబ్బు ఇచ్చావురా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ఆ ఏడో హోల్ సంగతి అయ్యాకే, అక్కయ్య చేతికి ఫోన్ ఇస్తున్నాడు.