రెండో గిటారును ముందు వినండి

స్వరసందేహాలు శీర్షికకు ఈ నెల రాయలసీమ నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే అంశాన్ని అడిగాయి కనుక, ఈ సంచికలో జాజ్‌లోని గిటారు జంటవాయిద్యం గురించి మాత్రమే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి 1928లో లానీ జాన్సన్, ఎడ్డీ లాంగ్ అనే ఇద్దరు అమెరికా కళాకారులు రికార్డు చేసిన గిటారు జంటవాయిద్యాన్ని తన ఫోనులో వినిపించాడు. చెవికి హాయిగానే ఉంది కానీ, ఒకరు ఎక్కడ ఆపుతున్నారో, మరొకరు ఎక్కడ అందుకుంటున్నారో ఎన్నిసార్లు విన్నా బోధపడలేదు. దీన్ని ఎలా వినాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు వెతుకుతున్నది అక్కడ లేదు, అందుకే దొరకలేదు. ఈ వాయిద్యంలో ఒకరు ఆపి మరొకరు అందుకోవడం తక్కువ. ఇద్దరూ ఆరంభం నుంచి ముగింపు దాకా వాయిస్తూనే ఉంటారు, మారేదల్లా ఎవరిది ప్రధాన వాద్యం, ఎవరిది పక్కవాద్యం అన్నది మాత్రమే. మీరు విన్న రికార్డుల్లో చాలావరకు పక్కవాద్యం లాంగ్‌ది. ఆయన మంద్ర స్థాయి తీగల మీద నడకను నిలబెడుతూ, రెండు మూడు స్వరాలను ఒక్కసారిగా మీటే కార్డులతో కింద నేల పరుస్తాడు. జాన్సన్ పై తీగల మీద ఒక్కొక్క స్వరంగా, ప్రతి స్వరం చివరా సన్నని వణుకుతో, ఆ నేల మీద తిరుగుతాడు. కాబట్టి మొదటిసారి విన్నప్పుడు జాన్సన్‌ను పూర్తిగా వదిలేసి లాంగ్‌నే వెంబడించండి. ఆకర్షించే గొంతు పైన ఉండగా కింది గొంతును పట్టుకోవడం మొదట కష్టంగానే ఉంటుంది. అయినా అది ఒకసారి చెవికి దొరికితే పైన వాయించేవాడు దానికి ఎక్కడ లోబడుతున్నాడో, ఎక్కడ ఎదురు తిరుగుతున్నాడో తనంత తానే తెలుస్తుంది.

ఫోనులోని చిన్న స్పీకరుతో మాత్రం ఈ పని జరగదు. గిటారు అతి మంద్ర తీగ సెకనుకు సుమారు 82 కంపనాలతో మోగుతుంది. ఆ స్థాయి నాదాన్ని అంత చిన్న స్పీకరు సరిగా పలికించలేదు కనుక, మీరు విన్నప్పుడు లాంగ్ వాయిద్యంలో ముఖ్యమైన భాగం వినిపించకుండానే పోయి ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

జాజ్‌కు మూలాల్లో ఒకటైన నల్లజాతి అమెరికన్ల సంగీతం బ్లూస్. ఆ రూపంలోని రచనలకు తాళం వేస్తూ వినే పద్ధతి ఒకటి ఉంది. బ్లూస్‌లో ఒక చుట్టు అంటే 12 బార్లు, బారుకు నాలుగు మాత్రలు, మొత్తం 48 మాత్రలు. ఇది ఎనిమిది మాత్రల మన ఆది తాళంలో సరిగ్గా ఆరు ఆవర్తనాలకు సమానం కనుక మనకు కొత్త లెక్కేమీ నేర్చుకోవలసిన అవసరం లేదు. మొదటి రెండు ఆవర్తనాల్లో కార్డు షడ్జం మీద ఉంటుంది. మూడో ఆవర్తనం ఎత్తుకోగానే శుద్ధ మధ్యమం మీదికి వెళ్ళి, నాలుగో ఆవర్తనానికి షడ్జానికి తిరిగి వస్తుంది. ఐదో ఆవర్తనం మొదటి సగం పంచమం మీద, రెండో సగం మధ్యమం మీద నడుస్తుంది. ఆరోది మళ్ళీ షడ్జం, దాని చివర్లో పంచమం ఒకసారి తలుపు తట్టి తరువాతి చుట్టును పిలుస్తుంది. జాజ్ వాద్యకారులు మధ్యలో వేరే కార్డులు చొప్పించి దీన్ని అలంకరిస్తారు, కానీ మూడో ఆవర్తనం దగ్గర మధ్యమానికి మళ్ళే మలుపు చాలావరకు చెవికి అందుతుంది. ఆ మలుపును మూడు నాలుగు చుట్లలో వరుసగా పట్టుకోగలిగితే, ఎవరు ప్రధానమో ఎవరు పక్కో విడదీయడం సులువవుతుంది, ఎందుకంటే పాత్రలు మారేది ఎక్కువగా చుట్టు మొదట్లోనే.

ఈ రికార్డుల వెనుక ఒక కథ కూడా ఉంది. జాన్సన్ న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నల్లజాతి కళాకారుడు, 1927లోనే ప్రసిద్ధ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంతో రికార్డు చేసినవాడు. లాంగ్ ఫిలడెల్ఫియాలో పుట్టిన ఇటాలియన్ సంతతి వ్యక్తి, అసలు పేరు సాల్వటోర్ మసారో. నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించారని బాహాటంగా ప్రకటించడానికి అప్పటి అమెరికా సమాజం ఒప్పుకోదు కనుక, లాంగ్ పేరును ఆ రికార్డుల మీద బ్లైండ్ విల్లీ డన్ అని వేశారు. ఆయనకు చూపు నిక్షేపంగా ఉంది. నల్లజాతి బ్లూస్ గాయకుడి పేరులా ధ్వనించాలని అలా పెట్టారు. టాన్సిల్స్ శస్త్రచికిత్స తరువాత 1933లో, ముప్ఫయ్యేళ్ల వయసులోనే లాంగ్ మరణించాడు. 1929 తరువాత ఈ జంట రికార్డులు లేవు. ఉన్న కొద్దిపాటివీ ఒక్కొక్కటి సుమారు మూడు నిమిషాలే కాబట్టి, ఒక సాయంత్రానికి అన్నీ వినవచ్చు, కానీ ఒకే దాన్ని పదిసార్లు వినడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. బ్లూస్ గిటారు వింటే శుద్ధ ధన్యాసి రాగం లాగే అనిపిస్తుంది, కానీ ఎక్కడో అపస్వరం కూడా వినిపిస్తుంది. నా చెవిదా తప్పు? స్వింగ్ అంటే ఏమిటో కూడా చెప్పగలరు.
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీ చెవి సరిగ్గానే పని చేస్తోంది. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం అనే ఐదు స్వరాలు బ్లూస్ వాద్యకారుల చేతిలో నిత్యం ఆడుతుంటాయి, అవే శుద్ధ ధన్యాసి స్వరాలు కూడా. తేడా కింద ఉంది. పై గిటారు సాధారణ గాంధారం పలుకుతుండగా కింది గిటారు కార్డులో దానికి ఒక మెట్టు పైదైన అంతర గాంధారం మోగుతూ ఉంటుంది. మన రాగ మర్యాదలో ఇది క్షమించరాని తప్పు. బ్లూస్‌లో రసం పుట్టేదే ఆ ఒరిపిడిలో. మంచి వాద్యకారుడు ఈ రెండు గాంధారాల నడుమ ఎక్కడో నిలుస్తాడు. సాధారణ గాంధారం మెట్టు మీద తీగను కొద్దిగా పక్కకు లాగి, అంతర గాంధారం దాకా పోకుండా ఆపి చూడండి, ఆ స్థానం మీ వీణ మీదే దొరుకుతుంది.

మనకు తంబూర కదలదు. వీరికి ఆధారమే కదులుతుంది. షడ్జం మీద నిలిచిన వాద్యకారుడి కింద కార్డు మధ్యమానికి మారిందంటే, ఆ షడ్జమే కొత్త ఆధారానికి పంచమం లాగా వినిపిస్తుంది. స్వరం మారలేదు, దాని బంధుత్వం మారింది. జంటవాయిద్యంలో ఈ మార్పు మొత్తం పక్క గిటారు చేతిలో ఉంటుంది కనుకనే పై జవాబులో దాన్ని ముందు వినమన్నాను.

స్వింగ్ అంటే జాజ్ లయలోని ఊపు. దానికి దగ్గరి దారి మీకు తెలిసిన తిశ్ర గతే. మాత్రను ‘తకిట’ అని మూడుగా విభజించి, ‘త’, ‘కి’ రెండింటినీ ఒకే దీర్ఘంగా లాగి ‘ట’ను మాత్రం విడిగా పలికితే వచ్చే ఊపు స్వింగ్‌కు చాలా దగ్గర. వేగం పెరిగేకొద్దీ దీర్ఘం కురచై రెండు భాగాలూ దాదాపు సమమవుతాయి కాబట్టి దాన్ని గణితంగా పట్టుకోకండి. చప్పట్లు మాత్రం ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మాత్రల మీద వేయండి. ఎత్తుగడ మీద తాళం వేసే మన చేతికి ఇదే అసలైన సాధన.

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు గిటారు వాయిస్తాము. ఇద్దరమే కూర్చుని జాజ్ వాయించబోతే రొదగా మారుతోంది. ఏం వినాలి, ఏం మార్చాలి?
– ఆదోని పాఠకుడు

జవాబు: ఇద్దరూ ఒకే స్థాయిలో, ఒకేసారి, అన్ని తీగలూ మీటుతున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. 1937లో జాజ్ పియానో వాద్యకారుడు కౌంట్ బేసీ బృందంలో గిటారిస్టుగా చేరి, 1987లో చనిపోయే వరకు అక్కడే కొనసాగిన ఫ్రెడ్డీ గ్రీన్‌ను వినండి. మాత్రకు ఒక మీటు చొప్పున, కార్డుకు రెండు మూడు స్వరాలతోనే, ఆంప్లిఫయర్ లేకుండా ఆయన ఒక పెద్ద బృందాన్ని నడిపించాడు. సోలో వాయించింది బహు అరుదు. ఆ తరువాత హెర్బ్ ఎల్లిస్, జో పాస్ కలిసి 1974లో చేసిన జంటవాయిద్యం వినండి. బాసూ డ్రమ్సూ లేకుండా రెండు విద్యుత్ గిటార్లే అంతా నడిపించే తీరు మీకు సూటిగా పనికి వస్తుంది.

సాధన విషయానికి వస్తే, ఒక వారం పాటు మీరు కార్డులకే కట్టుబడి మీ మిత్రుణ్ణి వాయించనివ్వండి, మరుసటి వారం తారుమారు చేసుకోండి. కార్డులు వాయించేవారు హెచ్చు స్థాయిలో పలికే రెండు సన్నని తీగలను ముట్టుకోకూడదు, మీటిన వెంటనే ఎడమచేతి పట్టు సడలించి నాదాన్ని తుంచాలి. అప్పటికీ రొద వినిపిస్తే ఆంప్లిఫయర్ గుండీ తగ్గించుకోవలసింది కార్డులు వాయించేవారే.