తాతగారి తాగుడు కవలలకు వస్తుందా?

ప్రశ్న: మా కవల అబ్బాయిలకు తొమ్మిదేళ్లు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. పెద్దవాడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, కుదురులేనితనం, తొందరపాటు ఉండే సమస్య) అని డాక్టర్ చెప్పారు. రెండోవాడు బాగానే చదువుతాడు. మా మామగారు తాగి తాగి లివర్ పాడై చనిపోయారు. ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక తాగుడుకు బానిసలవుతారని, అది జీన్స్‌లోనే ఉంటుందని చదివినప్పటి నుంచి నిద్ర లేదు. మందులు వాడితే వాటికీ అలవాటు పడతాడేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చదివినదాంట్లో సగం నిజమేనమ్మా. మిగతా సగం ఎవరూ చెప్పకపోవడం వల్లే మీకీ దిగులు.

ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల మధ్య పోలిక మామూలు అన్నదమ్ములకున్నంతే. ఏదైనా సమస్య ఇద్దరిలోనూ కనిపించడం మొదటి రకం జంటల్లో రెండో రకం కంటే ఎంత ఎక్కువో చూసి, జన్యువుల వాటాను లెక్కగడతారు. అది ఏడీహెచ్‌డీకి 70-80 శాతం, మద్యం వ్యసనానికి సుమారు 50 శాతం. రెండింటికీ ఉమ్మడి జన్యువులు కొన్ని ఉన్నాయి కూడా. అయితే 50 శాతమంటే మీవాడు తాగుబోతయ్యే అవకాశం సగమని కాదు. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల వాటా అది. ఈ పొరపాటు వైద్య విద్యార్థులు కూడా చేస్తుంటారు.

మీ ఇంట్లోనే చూడండి. పోలికను బట్టి ఇద్దరివీ ఒకే జన్యువులు కావచ్చు (ఖాయంగా చెప్పాలంటే డీఎన్‌ఏ పరీక్ష కావాలి). అయినా సమస్య బయటపడింది ఒకడిలోనే. ఒకే కడుపులో పెరిగినా పుట్టినప్పటి బరువు తేడా ఉంటుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలో ఏడీహెచ్‌డీ లక్షణాలు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి.

తాత నుంచి మనవడికి తాగుడు నేరుగా రాదు, వస్తే తొందరపాటు తత్వం లాంటిది రావచ్చు. మనసులో అనుకున్నది ఆపుకోలేకపోవడం, దాంతో బడిలో రోజూ తిట్లు, స్నేహితులు దూరమవడం, చివరికి దుడుకు పిల్లల జట్టులో చేరడం... మద్యం దాకా వెళ్లే దారి ఎక్కువగా ఇలా ఉంటుంది. ఏడీహెచ్‌డీకి కొట్లాటలు, అబద్ధాలు, దొంగతనాలు తోడైన పిల్లల్లోనే ముప్పు బాగా పెరుగుతుంది. అలాంటివి మొదలైతే 'వయసొస్తే వాడే మారతాడులే' అని ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి. 'అచ్చం తాతలా తయారవుతున్నావు' అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

ఇక మందులు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటివి చిన్నప్పుడు డాక్టర్ చెప్పిన మోతాదులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకు ఎక్కువగా అలవాటు పడినట్టు ఆధారాలు లేవు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం ఉంటాయి కాబట్టి ఎత్తు, బరువు చూపిస్తూ ఉండాలి. మాత్రలు మీ చేతిలోనే ఉండాలి, తమ్ముడికి పొరపాటున కూడా ఇవ్వొద్దు. మందుతోపాటు పిల్లాడితో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణ కూడా అడగండి. జీన్ టెస్ట్‌కు డబ్బు పెట్టకండి. ఇందులో ఎన్నో జన్యువుల ప్రమేయం ఉంది, ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది.

మద్యం మొదలుపెట్టే వయసు ఎంత వెనక్కి జరిగితే అంత మేలు. 15 ఏళ్లలోపే రుచి చూసినవారిలో వ్యసనం చాలా ఎక్కువ. ఇంట్లో పెద్దలు సరదాకైనా ఒక గుక్క ఇవ్వకూడదు, ఇద్దరికీ.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రెండోవాణ్ని కూడా తీసుకెళ్లండి. అల్లరి లేకుండా పరధ్యానం మాత్రమే ఉన్న పిల్లలు, అందులోనూ మార్కులు బాగా వచ్చేవాళ్లు, ఎవరి కంటా పడరు. తరగతిలో వాడెలా ఉంటాడో టీచర్‌ను అడిగి నాలుగు ముక్కలు రాయించుకుని వెళ్లండి.